కాపీ హోల్డర్ భాగ్య

భాగ్య ఏది చదివినా కామాలతో సహా చదివేది. అత్తగారికి పేపరు చదివి వినిపించేటప్పుడు కూడా అంతే. "నగరంలో భారీ వర్షం ఫుల్‌స్టాప్ చాదర్‌ఘాట్ కామా కోఠి కామా ఖైరతాబాద్ ప్రాంతాల్లో రోడ్లు జలమయం ఫుల్‌స్టాప్" అంటూ గుక్క తిప్పుకోకుండా చదువుకుపోతుంటే, మంచం మీది అత్తగారు విసుక్కునేది.

"నీ కామాలు నాకెందుకే తల్లీ! వాన గీడిదాంక వస్తదా రాదా, అది చెప్పు."

భాగ్య నవ్వి మళ్లీ మొదలుపెట్టేది. మళ్లీ కామాలతోనే.

పెళ్లికి ముందు అబ్బిన అలవాటది. నాంపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఆమె కాపీ హోల్డర్‌గా చేరింది. అప్పట్లో ప్రూఫు దిద్దడం ఇద్దరి పని. రచయిత చేత్తో రాసిచ్చిన కాగితాలు పట్టుకుని ఒకరు పైకి చదవాలి. అచ్చయి వచ్చిన ప్రూఫు ముందు పెట్టుకుని రెండోవారు వింటూ తప్పులు పట్టాలి. చదివేవారు కాపీ హోల్డర్, వినేవారు ప్రూఫ్ రీడర్. కామా ఉన్నచోట కామా అనాలి, పేరా మారితే పేరా అనాలి. అనకపోతే వినేవాళ్లకు తెలియదు. పని సాగినంతసేపు ఇద్దరి కళ్లూ కాగితాల మీదే ఉంటాయి కాబట్టి, ప్రూఫ్ రీడర్ పవన్‌కుమార్‌కు భాగ్య ముఖం కంటే ముందు గొంతు తెలిసింది. ఒకసారి ఆమెకు జ్వరం వచ్చి వేరే అమ్మాయి కాపీ చదివింది. ఆ పదహారు పేజీల ఫారం నిండా పవన్‌కుమార్ తప్పులు వదిలేశాడు. ఫోర్‌మన్ తిట్టాడు. "గొంతు మారింది సార్, మనసు నిలవలేదు" అన్నాడు పవన్‌కుమార్. ప్రెస్సుకంతటికీ సంగతి అప్పుడే తెలిసింది. భాగ్యకు కూడా.

పెళ్లయిన కొన్నాళ్లకు ప్రెస్సు మూతపడింది. ఇద్దరూ అబిడ్స్‌లో చిరాగ్ అలీ గల్లీలో మేడమీద ఒక గది కిరాయికి తీసుకుని, కంప్యూటరు పెట్టుకుని, డీటీపీ మొదలుపెట్టారు. పెళ్లికార్డులు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, దినకర్మ కార్డులు. టైపు కొట్టేది భాగ్య. ప్రింటు తీశాక మళ్లీ పాత పద్ధతే. ఆమె కాపీ పట్టుకుని చదివేది, ఆయన దిద్దేవాడు. పని ఇవ్వడానికి పైకి వచ్చిన పార్టీలు ఈ వరస చూసి నవ్వుకునేవారు.

ఒక మధ్యాహ్నం పెళ్లికార్డు ప్రూఫు చేతిలో ఉండగానే పవన్‌కుమార్ ఛాతీ పట్టుకున్నాడు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. కార్యాలు ముగిశాక భాగ్య షాపు తెరిచి ఆ కార్డు తీసింది. పెళ్లివాళ్లకు అందాలి కదా. ఆయన పెన్ను ఆగిన చోటుదాకా ఒక్క తప్పు లేదు. ఆ కింద ఉన్న తప్పులు ఆమెకు కనపడలేదు. కార్డులు పంచాక పెళ్లికూతురి మేనమామ వచ్చి చూపించాడు. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు కష్టమైంది.

ఆ తర్వాత ఆమె ఎక్కువగా చిన్న పనులే ఒప్పుకునేది.

అదే మేడకు కింద, మెట్ల పక్కన, మైకేల్ ఉండేవాడు. పుట్టుకతో చూపు లేని మనిషి. ఊరు మెదక్. వికలాంగుల కోటాలో వచ్చిన ఎస్టీడీ బూత్‌తో ఆ మెట్ల పక్కన దుకాణం పెట్టాడు. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ పోయాక రీచార్జీ కార్డులు అమ్మాడు. అవీ పోయాక పెన్నులు, కవర్లు, ఫైళ్లు పెట్టుకున్నాడు. బోర్డు మీద పసుపు రంగు వెలిసిపోయినా పేరు మాత్రం పోలేదు. అందరికీ ఎస్టీడీ మైకేలే.

మైకేల్‌కు ఇంకో పని ఉండేది. దానికి జీతం లేదు, బోర్డు లేదు. పరీక్షల రోజుల్లో చూపు లేని పిల్లలు జిల్లాల నుంచి నాంపల్లి స్టేషన్లో దిగేవారు. ముందే ఫోన్ చేసేవారు. మైకేల్ పొద్దున్నే ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి వేయించి, తను ముందు నడుస్తూ వాళ్లను అబిడ్స్‌లోనో గన్‌ఫౌండ్రీలోనో పరీక్ష కాలేజీ గేటు దాకా తీసుకుపోయేవాడు. చూపు లేనివాడు చూపు లేనివాళ్లను నడిపిస్తున్నాడని ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆగి చూసేవాడు. "ఏం సార్, పరేడ్‌కు సెల్యూట్ కొట్టవా?" అనేవాడు మైకేల్.

షుగరు ఆ పరేడ్‌ను ఆపింది. కాలి బొటనవేలు తీసేశారు. పుండు మళ్లీ రేగితే పాదమే తీయాల్సి వస్తుందని, వీధి చివరి దాకా కూడా నడవొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. నాంపల్లి దర్గా వెనక సందులో ఉన్న గదికే మైకేల్ పరిమితమయ్యాడు. భార్య డోర్కాస్ ఒక నర్సింగ్ హోంలో ఆయా. ఆమె పొద్దున పోతే సాయంత్రమే రావడం.

భాగ్య పలకరించడానికి వెళ్లినప్పుడు మైకేల్ సంగతి చెప్పాడు.

"చెల్లె, వచ్చే నెల పరీక్ష ఉన్నది. పిల్లలు ఫోన్లు చేస్తున్రు. నా కాలు గిట్లయింది. స్టేషన్ సంది అబిడ్స్ దాంక దారి మొత్తం నేను చెప్త, నువ్వు కొట్టు. నెట్‌ల పెట్టు. వాళ్ల ఫోన్లు చదివిపెడ్తయి, వాళ్లే నడుస్తరు."

"నేను పోయి తీస్కపోత అన్నా, గంత ఫికర్ ఎందుకు?"

"ఒక్కసారి తీస్కపోతవ్. ఇద్దరిని తీస్కపోతవ్. ఏటేటా పరీక్షలే గద. నువ్వు పెళ్లికార్డులు కొడ్తవా, వాళ్లెంబడి తిరుగుతవా?"

"మరి వాయిస్ మెసేజ్ పెట్టొద్దా? గొంతు నీదే ఉంటది."

"పెట్టిన. పెద్ద పోస్టాఫీసు కాడ డౌటొస్తే మొదటిసంది మల్ల ఇనాలె. రోడ్డు మీద నిలబడి ఎంతసేపింటరు? రాసింది అయితే కావల్సిన కాడికి దుంకి పోవచ్చు."

భాగ్య ఒప్పుకుంది. మైకేల్ మంచం మీద కూర్చుని చెప్పాడు, ఆమె కాగితాల మీద రాసుకుంది. అడుగుల లెక్కలు వద్దన్నాడు మైకేల్. ఒక్కొక్కరి అడుగు ఒక్కో కొలత అన్నాడు. స్టేషన్ బయటికి రాగానే ఆటోవాళ్ల కేకలు ఎటువైపు వినపడాలో చెప్పాడు. స్టేషన్ రోడ్డు మీద ఇరానీ హోటల్ బట్టీ నుంచి వచ్చే బిస్కెట్ల వాసన, అది దాటాక కాలికింద మారే బండలు, పెద్ద పోస్టాఫీసు దగ్గర నాలుగు దిక్కుల నుంచీ మీదపడే బస్సుల హోరు. పరీక్షలన్నీ ఆదివారాలే కాబట్టి, అబిడ్స్‌లో మూసిన షాపుల ముందు పాత పుస్తకాలు పరిచి ఉంటాయని, కర్ర నేలకు ఆనించి నిదానంగా నడవాలని, పుస్తకాలవాళ్లు తిట్టినా మంచివాళ్లేనని కూడా చెప్పాడు.

"తిట్టినా మంచోళ్లే... ఇది కూడా రాయాల్నా?"

"రాయి. పిల్లలు భయపడొద్దు."

భాగ్య కూతురు అక్షిత మాధాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఆమె సైటుకు ఖాళీ చట్రం తయారుచేసి ఇచ్చింది. చూపు లేనివాళ్లకు, చెయ్యి ఆడనివాళ్లకు పేజీ అందుతుందో లేదో పరీక్షించే ఉచిత సాధనం ఒకటి కంప్యూటర్లో పెట్టింది. పేజీని దానికి చూపిస్తే తప్పులున్నచోట ఎర్ర గుర్తులు వేస్తుంది.

"మమ్మీ, ఎర్రవి అన్నీ పోవాలె. సరేనా? ఇంక డౌటుంటే నాకు ఫోన్ చెయ్యి."

భాగ్య డౌటు రానివ్వలేదు. తన పద్ధతిలో తను చేసింది. మ్యాటరంతా ఎప్పటి డీటీపీ ఫాంటులో అందంగా కొట్టి, అంచులు కట్టి, మూలల్లో సన్నటి లత వేసి, ఒక్కో పేజీని బొమ్మగా మార్చి సైటులో పెట్టింది. డీటీపీ వాళ్లందరూ చేసేదే. బొమ్మ చేస్తే అక్షరం చెదరదు, ఎవరి కంప్యూటర్లో చూసినా ఒకేలా ఉంటుంది. ఆ సాధనం మాత్రం ప్రతి బొమ్మ మీదా ఎర్ర గుర్తు వేసింది. బొమ్మకు వివరణ లేదంది. భాగ్య ప్రతి బొమ్మ కిందా వివరణ గడిలో "నడక దారి" అని నింపింది. ఎర్రవన్నీ పోయాయి. ఆమె సంతోషంగా లాప్‌టాప్ సంచిలో వేసుకుని మైకేల్ గదికి వెళ్లింది.

మైకేల్ తన ఫోన్లో సైటు తెరిచి తెర మీద వేలు జరిపాడు. ఫోన్లో ఆడగొంతు పలికింది. "నడక దారి, చిత్రం." వేలు జరిపాడు. "నడక దారి, చిత్రం." ఇంకోసారి. "నడక దారి, చిత్రం."

"చెల్లె," అన్నాడు మైకేల్, "బువ్వ పెట్టమంటే గిన్నె మూత సూపిస్తున్నవ్ గద."

"లోపల అంతా ఉన్నదన్నా! చూడు ఎంత మంచిగొచ్చిందో..." అని నాలుక కరుచుకుంది.

"సూస్త తియ్, టైమొస్తే," అని మైకేల్ నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

బొమ్మలు పనికిరావని అర్థమైంది. షాపుకు వచ్చి, బొమ్మలు తీసేసి, అదే మ్యాటరును అక్షరాలుగా సైటులో అతికించింది. అదే ఫాంటు కనపడేలా ఏర్పాటు చేసుకుంది. తెర మీద అంతా తెలుగే, ముత్యాల్లాంటి తెలుగు. ఎర్ర గుర్తు ఒక్కటి లేదు. ఈసారి తప్పు ఉండడానికి వీల్లేదనుకుంది.

మైకేల్ వేలు పెట్టగానే ఫోను పూనకం వచ్చినట్టు ఇంగ్లీషు అక్షరాలు వల్లించడం మొదలుపెట్టింది. మధ్యమధ్య అంకెలు, డాలరు గుర్తులు.

"యేసయ్యా!" అంది లోపలి నుంచి డోర్కాస్. ఆ రోజు ఆమెకు సెలవు. "ఏంది వదినా, దయ్యం పట్టిందా ఫోనుకు?"

"ఫోన్ పాతదైందన్నా," అంది భాగ్య. "జగదీష్ మార్కెట్ల రిపేరుకు చూపిద్దాం."

"నా ఫోన్‌కు ఏం కాలే. పొద్దుగాల బైబిలు వాక్యం మంచిగ సదివింది."

ఇంటికి వచ్చి అక్షిత ఫోన్లో వినిపిస్తే అందులోనూ అదే పూనకం. అక్షిత పేజీ లోపలి అక్షరాలు బయటికి తీసి చూసింది. తల్లి పక్కన కూర్చుంది.

"మమ్మీ, నీ పాత ఫాంటు లోపల తెలుగు లేదు. లోపల ఉండేటియి ఇంగ్లీషు అక్షరాలే. వాటి మీద తెలుగు ఆకారం తొడిగిన్రు. మనకు ఆకారం కనపడ్తది. చదివిపెట్టే స్క్రీన్ రీడర్‌కు ఆకారంతో పనిలేదు, లోపలున్నదే చదువుతది."

"మరి నీ ఎర్ర గుర్తులది చెప్పలే గద?"

"అది కూడా మెషీనే. అక్షరాలున్నయా లేవా చూస్తది. అవి ఏ భాషో, అర్థమున్నదో లేదో దానికేం తెలుసు? ఎర్రవి పోవాలె అన్న గని, పోతే చాలు అనలే గద మమ్మీ. నేనన్నా ఒకసారి విని ఉండాల్సింది."

భాగ్యకు ఇన్నేళ్లుగా కొట్టిన కార్డులు, కరపత్రాలు గుర్తొచ్చాయి. పవన్‌కుమార్ చలికాలం చేతులు రుద్దుకుంటూ, ఒక్క దీర్ఘం పోయినా వదలకుండా దిద్దిన పేజీలు. వాటన్నిటి లోపల తెలుగే లేదట. కాగితం మీద అచ్చయ్యింది కాబట్టి ఎవరికీ నష్టం లేదని తెలుసు. అయినా లాప్‌టాప్ మూసి పక్కన పెట్టింది.

"దీన్ని మార్చడానికి కన్వర్టర్లు ఉంటయి మమ్మీ. నువ్వు కొట్టిందంతా అసలు తెలుగులోకి మారుస్తయి. కొన్ని తప్పులు పడ్తయి, కూసొని దిద్దుకోవాలె."

"నా తప్పే నాకు కనపడది. మెషీన్ తప్పులు ఏడ దిద్దుత?" అంది భాగ్య. "మీ నాయిన లేడు. ఎవరన్నా పిల్లలతోని చేపించుకోమని చెప్త అన్నకు."

నాలుగు రోజులు ఆ పని ముట్టుకోలేదు. మైకేల్‌కు ఫోనూ చెయ్యలేదు. అయిదో రోజు డోర్కాసే ఫోన్ చేసింది.

"వదినా, ఈయన బూట్లు తీసిండు. అటక మీదికెల్లి. నేను డ్యూటీకి పోయినప్పుడు స్టూలెక్కి తీసిండట. పాలిష్ గొడుతున్నడు."

"బూట్లెందుకు?"

"ఆదివారం స్టేషన్‌కు పోతడట. తాండూరు సంది ఎవరో శ్రీనిధి అని పిల్ల ఒక్కతే వస్తున్నదట. అమ్మ రాలేదట, నాయిన లేడట. దారి కాలేదు గదా, నేనే పోవాలె అంటుండు. నా మాట ఇంటలేడు. పాదం పోతే ఎట్ల వదినా?"

భాగ్య ఫోన్ పెట్టేసి షాపుకు వచ్చింది. అక్షిత చెప్పిన కన్వర్టర్‌లో మ్యాటరు వేసి మార్చింది. చూడడానికి బాగానే ఉంది. ఒక్కో ఒత్తు పక్కకు జరిగినట్టు అనుమానంగా ఉంది. కళ్లు చిట్లించి చూసినకొద్దీ అన్నీ సరిగానే కనపడ్డాయి. ఆ పెళ్లికార్డు కింది సగం గుర్తొచ్చింది.

కంప్యూటర్లో చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ కూడా అక్షిత ఎప్పుడో పెట్టి ఉంచింది. ఇదీ ఉచితమే. భాగ్య అడిగితే మైకేల్ ఫోన్లోనే దాని కిటుకులు చెప్పాడు. వేగం తగ్గించమన్నాడు. గుర్తులన్నీ పైకి పలికే పద్ధతి ఒకటుంటుంది, అది పెట్టుకోమన్నాడు. భాగ్య పెట్టుకుంది. తను చేత్తో రాసుకున్న కాగితాలు ఒళ్లో పెట్టుకుని మీట నొక్కింది.

"స్టేషన్ బయటికి రాగానే కామా ఒక నిమిషం ఆగండి ఫుల్‌స్టాప్" అంది యంత్రం.

భాగ్య చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

గొంతులో ప్రాణం లేదు. ముక్కుతో మాట్లాడినట్టుంది. అయినా కామా దగ్గర కామా అంటోంది, ఫుల్‌స్టాప్ దగ్గర ఫుల్‌స్టాప్ అంటోంది. ఎదురుగా ఎవరో కాపీ పట్టుకుని చదువుతున్నారు. ఆమె వింటోంది. ఇన్నేళ్లలో వినే కుర్చీలో కూర్చోవడం ఆమెకు ఇదే మొదలు. ఆ కుర్చీ పవన్‌కుమార్‌ది. టేబుల్ అంచున ఆయన మోచెయ్యి ఆనించి ఆనించి నున్నగా అరిగిన చోటు ఆమె మోచేతికి తగిలింది. చీరకొంగుతో ముఖం తుడుచుకుని మీట మళ్లీ నొక్కింది.

కంటికి కనపడని తప్పులు చెవికి తగిలాయి. ఒత్తు చెదిరినచోట యంత్రం తడబడేది, మాట మధ్యలో విరిగేది. ఆపి, దిద్ది, మళ్లీ వినేది. పెద్ద అక్షరాలతో వేసిన శీర్షికలను యంత్రం మామూలు వాక్యాల్లాగే చదువుకుపోయింది. అక్షిత ఫోన్లో చెప్పిన ప్రకారం వాటికి శీర్షిక అని లోపల గుర్తు పెట్టింది. అప్పుడు ఒక్క మీటతో స్టేషన్ నుంచి ఇరానీ హోటల్‌కు, అక్కడి నుంచి పోస్టాఫీసుకు దుంకడం వీలైంది. పేజీ భాష తెలుగు అని చెప్పే చోట ఇంగ్లీషు అని ఉంటే మార్చింది. లతలు, అంచులు పోయాయి. ముత్యాల్లాంటి ఫాంటు పోయింది. కొత్త అక్షరం ఆమె కంటికి మొద్దుగా ఉంది. వదిలేసింది.

అయ్యాక భాగ్య లాప్‌టాప్‌తో గదికి వెళ్తే మైకేల్ తన ఫోన్లో విన్నాడు. మొదట్లోనే ఆగాడు.

"ఇక్కడ నొక్కండి అంటున్నది. ఇక్కడ అంటే ఏడ చెల్లె? నాకు అన్నీ ఇక్కడనే."

అది తీసి "అబిడ్స్ దారి చదవండి" అని పెట్టింది. మైకేల్ మొత్తం విన్నాడు. ఇంకోసారి విన్నాడు. తిట్టినా మంచివాళ్లే అన్నచోట నవ్వాడు.

"బూట్లు లోపల పెట్టాల్నా మరి?" అంది డోర్కాస్.

"ఆదివారం కానియ్. పిల్ల గేటు కాడికి పోయినంక సూద్దాం. నువ్వు స్టేషన్‌కు పో చెల్లె. దూరంగ ఉండు. పిల్లకు చెప్పకు, చెయ్యి పట్టకు. అది ఆగిపోయిందనుకో, నేను ఆటోల వస్త."

ఆదివారం పొద్దున భాగ్య నాంపల్లి స్టేషన్ బయట నిలబడింది. చెవి దగ్గర ఫోను, అవతల మైకేల్. తాండూరు నుంచి వచ్చే బండి దిగి జనం బయటికి వస్తుంటే, గులాబీ చున్నీ, ఒక చెవికి ఇయర్‌ఫోను, చేతిలో తెల్లకర్ర ఉన్న పిల్ల కనపడింది. పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి.

"వచ్చింది అన్నా. సన్నగ ఉన్నది. బయటికొచ్చి ఆగింది."

"ఆగాలె. గట్లనే రాసినం."

"ఆటోవాడు మీద మీదికి వస్తున్నడు. వద్దని చెప్పింది. ఎడమకు తిరిగింది."

"మంచిగ తిరిగింది. పద."

శ్రీనిధి కర్ర ఆనించుకుంటూ స్టేషన్ రోడ్డు పట్టింది. భాగ్య కొంచెం వెనకగా నడుస్తూ, కనపడిందంతా ఫోన్లో చెబుతూ పోయింది. అలవాటు కొద్దీ ఎలా చెబుతోందో ఆమెకే తెలియలేదు.

కొంత దూరం పోయాక ఆ పిల్ల నడక మందగించింది. తల అటూ ఇటూ తిప్పింది. ముక్కు ఎగబీల్చింది. భాగ్య తలెత్తి చూసి గతుక్కుమంది. ఇరానీ హోటల్ షట్టర్ దించి ఉంది. ముందు ఇసుక, సిమెంటు బస్తాలు. లోపల ఏదో కట్టుబడి పని. బట్టీ లేదు, వాసన లేదు.

"ఏమైంది? చెప్తలేవు?"

"హోటల్ మూసిన్రు అన్నా. రిపేరు నడుస్తున్నది. పిల్ల ఆగింది కామా..."

అటువైపు ఏదో నేల మీద జరిగిన చప్పుడు. బూట్లే అయి ఉంటాయి.

"కామానా, ఫుల్‌స్టాపా చెల్లె?"

భాగ్య ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. నాలుగు అంగల్లో ఆ పిల్ల చెయ్యి పట్టుకోవచ్చు. బస్తాల పక్క నుంచి స్కూటరొకటి దూసుకుపోయింది. శ్రీనిధి వెనక్కి తగ్గి, గోడకు ఆనుకుని, ఫోను పైకి ఎత్తింది. వేలితో తెర మీద ఒకసారి కిందికి గీసింది. విన్నది. మళ్లీ పైకి గీసింది. విన్నది. శీర్షికలు దుంకుతోందని భాగ్యకు అర్థమైంది. హోటల్ వదిలేసి తర్వాతది ఏమిటో చూస్తోంది. కర్ర ముందుకు చాచి నేల తడిమింది. నున్నటి సిమెంటు. ఇంకొంచెం ముందుకు. గరుకు బండ తగిలింది. కర్రతో దాని మీద రెండుసార్లు కొట్టి చూసుకుని, కదిలింది.

"కామానే అన్నా," అంది భాగ్య. "కామానే. పోతున్నది."

మైకేల్ ఊపిరి వదలడం ఫోన్లో వినపడింది.

అబిడ్స్‌లో పుస్తకాలవాడు అరిచాడు. "అరే అమ్మా, జర సంబాల్‌కే! డిక్షనరీ మీద కాలేస్తవా ఏంది?" శ్రీనిధి నవ్వుతూ "తిట్టినా మంచోళ్లే అంట గద అన్నా మీరు" అంది. వాడు బిత్తరపోయి, లేచి, రెండు వరసల పుస్తకాలు పక్కకు జరిపి దారి ఇచ్చాడు. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ హాల్‌టికెట్ అడగడం, ఆ పిల్ల తీసి ఇవ్వడం చూశాక భాగ్య ఫుట్‌పాత్ మీదే ఒక పాత పుస్తకాల కట్ట మీద కూలబడింది.

"లోపలికి పోయింది ఫుల్‌స్టాప్."

ఫోన్లో డోర్కాస్ గొంతు గట్టిగా వినపడింది. "దేవునికి స్తోత్రం! ఇటియ్యిన్రి గా బూట్లు!"

పరీక్ష అయ్యాక శ్రీనిధి మైకేల్‌కు ఫోన్ చేసింది. భాగ్య అప్పటికి ఆ గదిలోనే ఉంది. మైకేల్ స్పీకరు పెట్టాడు.

"అంకుల్, పేపరు మంచిగనే రాసిన. గని గా హోటల్ కాడ వాసనే లేదు అంకుల్. పరేషానైన. జర మార్చిన్రి, ఎనక ఇంక మస్తు మంది వస్తున్రు."

"మారుస్తరు బిడ్డా. మార్చే ఆమె ఇక్కడనే ఉన్నది."

"ఎవరు, ఆ కామాలామెనా?" అంది శ్రీనిధి. "స్టేషన్ సంది నా ఎనక ఎవరో కామా, ఫుల్‌స్టాప్ అనుకుంట వస్తున్రు. ఎవరో తెల్వలే గని, ధైర్యంగనే ఉండె."

డోర్కాస్ పడీపడీ నవ్వింది. భాగ్య మాత్రం లేచి చెప్పులేసుకుంది.

ఆదివారమైనా షాపు తెరిచింది. పవన్‌కుమార్ కుర్చీలో కూర్చుంది. ఇరానీ హోటల్ అన్న శీర్షిక కింద ఒక వాక్యం చేర్చింది. మీట నొక్కి విన్నది.

"హోటల్ రిపేరులో ఉంది కామా వాసన రాకపోతే భయపడకండి కామా గరుకు బండలు తగిలేదాకా నేరుగా నడవండి ఫుల్‌స్టాప్."

ఎక్కడా తడబడలేదు. భాగ్య కంప్యూటరు ఆపి, ఇంటికి వెళ్లేముందు స్టేషన్ రోడ్డు మీదుగా తిరిగి వెళ్లింది. షట్టర్ దగ్గర మేస్త్రీ ఒకడు బీడీ కాలుస్తూ కూర్చుని ఉన్నాడు.

"అన్నా, బట్టీ మల్ల ఎప్పుడు ముట్టిస్తరు?"

"దసరాకు అమ్మా. ఎందుకు, బిస్కెట్లు కావాల్నా?"

"లేదు," అంది భాగ్య. "మల్ల దిద్దాలె."